మాంటెవీడియోలో చెప్పుల కాపలా

బ్రెమెన్‌లో భాస్కరమూర్తి అడుగుపెట్టేనాటికి ఆయనకి తెలిసినంతవరకూ ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడే నోరు ఆయనదొక్కటే. నోరుంది గాని వినే చెవి లేదని నవ్వుతూ చెప్పేవాడు. కాకినాడలో ఇంజనీరింగు చదివి, వేజర్ నది ఒడ్డున ఓడలు కట్టే యార్డులో ఉద్యోగానికి వచ్చిన మనిషి. కొన్నేళ్ళకి సెలవు పెట్టి వెళ్ళి రాజమండ్రి పిల్ల కనకలతని పెళ్ళాడి తెచ్చుకున్నాక ఆ చెవి కొరతా తీరింది. యార్డు మూతపడ్డాక విమానాల రెక్కలు చేసే కంపెనీలో చేరి అక్కడే రిటైరయ్యాడు. ఊరికి ఉత్తరాన చిన్న ఇల్లు, వెనక రెండు యాపిల్ చెట్లు, ఒక్కతే కూతురు నీనా. ఇలాంటి మనిషి గురించి చెప్పుకోవడానికి ఏముంటుందని ఆయన్నే అడిగితే, ఏమీ ఉండదనే అనేవాడు. డెబ్బై ఎనిమిదో ఏట ఆయన చేసిన ఓడ ప్రయాణం లేకపోతే నిజంగానే ఏమీ ఉండేది కాదు.

ఓడలు కట్టాడే గాని ఎక్కినవాడు కాదు. "మీరు కట్టిన ఓడలు లోకమంతా తిరుగుతున్నాయి, మనం మాత్రం ట్రాము దిగి బస్సెక్కుతున్నాం" అని కనకలత దెప్పేది. ఆవిడా ఊరికే కూర్చున్న మనిషి కాదు. వాళ్ళ పేటలో ఉన్ని శుభ్రం చేసే పెద్ద మిల్లు ఉండేది. ఆ మిల్లు లాబొరేటరీలో ఇరవై ఏళ్ళ పైన పనిచేసింది. ఓడల మీద వచ్చిన గొర్రెబొచ్చు మూటల్లోంచి గుప్పెడు తీసి జిడ్డెంత, మట్టెంత, పోగు మందమెంత అని చూడడం ఆవిడ పని. సాయంత్రం ఇంటికొస్తే చేతులు ఆముదం రాసుకున్నట్టు మెత్తగా ఉండేవి. ఎంత తోమినా గొర్రె వాసన పోయేది కాదు.

ఆ మూటల మీద నల్లసిరాతో ఓడరేవుల పేర్లు అచ్చేసి ఉండేవి. అన్నిట్లోకీ ఆవిడకి నచ్చిన పేరు మాంటెవీడియో. "నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా ఉంది కదండీ" అనేది. రిటైరయ్యాక ఎక్కడికి పోదామని ఆయన అడిగితే, "కాశీకి అందరూ పోతారు, మనం మాంటెవీడియో పోదాం" అనేది. పోనుపోను అదొక ఇంటి సామెత అయిపోయింది. జరగని పనులన్నిటికీ అదే గడువు. కప్పు మీద పెంకులు మార్పించడం, మేడ మీద గదికి రంగు వేయించడం, అన్నీ మాంటెవీడియో వెళ్ళొచ్చాకే.

ఆవిడకి మరుపు జర్మన్ వైపు నుంచి మొదలైంది. ఒకరోజు రొట్టెల కొట్లో నిలబడి, "నాలుగివ్వమ్మా, మాడనివి చూసి" అని తెలుగులో అడిగింది. కొట్టమ్మాయి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆర్నెల్లు తిరక్కుండా నలభై ఏళ్ళు మాట్లాడిన భాష సున్నం రాలినట్టు పొరలు పొరలుగా రాలిపోయింది. తరవాత వారాల పేర్లు పోయాయి, నెలల పేర్లు పోయాయి, స్టవ్వు కట్టేయడం పోయింది. చివరికి చీర కట్టుకోవడం కూడా పోతే, ఆయనే కుచ్చిళ్ళు పెట్టడం నేర్చుకున్నాడు. వర్క్‌షాపులో రేకులు మడిచిన చెయ్యి గనక కుచ్చిళ్ళు బాగానే కుదిరేవి.

డాక్టర్ల దగ్గర దుబాసీ ఆయనే. అక్కడే ఒక వ్యవహారం నడిచింది. వృద్ధులకి ఎంత సాయం అవసరమో అంచనా వేసి గ్రేడు ఇచ్చే ఆవిడ ఒక మంగళవారం ఇంటికొచ్చింది. జర్మన్‌లో అడిగేది, ఆయన తెలుగులో చెప్పేవాడు, కనకలత తెలుగులో జవాబిచ్చేది, ఆయన తిప్పి జర్మన్‌లో చెప్పేవాడు.

"ఇవాళ ఏ వారమని అడుగుతోంది కనకం."

"శనివారం. తలంటుకోవాలి. కుంకుడుకాయలు కొట్టారా?"

"డీన్స్‌టాగ్" అని చెప్పాడు భాస్కరమూర్తి. మంగళవారమని.

"వంట నువ్వే చేసుకుంటున్నావా అంటోంది."

"నాకెందుకు, మా అమ్మ చేస్తుంది."

"వంట చేస్తుంది, నేను కొంచెం సాయం పడతాను" అని చెప్పాడు.

అంచనాలావిడ ముఖం విప్పారింది. ఫర్వాలేదు, బాగానే ఉన్నారని రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయింది.

ఆ మాటలన్నీ విన్నది ఒక్కతే. మేడ మీద గదిలో అద్దెకుంటూ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్న వరంగల్ పిల్ల అనూహ్య, గిన్నెలు కడుగుతూ వంటింట్లో ఉంది. ఆవిడ వెళ్ళగానే చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"తాతయ్యా, అమ్మమ్మ అట్ల అనలేదు గదా."

"నీకు పరీక్షలున్నాయి కదమ్మా. వెళ్ళి చదువుకో."

"పరీక్ష మీరు రాసిన్రు. నూటికి నూరు మార్కులు. అమ్మమ్మ పేరు మీద."

"మాటకి మాట అప్పజెప్పడానికి నేనేమన్నా కోర్టులో ఉన్నానా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్తే మనిషినిస్తరు గదా, సాయానికి. మీరొక్కరే ఎన్ని దినాలు చేస్తరు?"

"ఇవాళ మనిషినిస్తారు. రేపు, ఇంట్లో ఉండే స్థితి కాదు, హైమ్‌లో, అదే వృద్ధాశ్రమంలో, పెట్టమంటారు" అన్నాడాయన. "అక్కడ ఎవడికమ్మా తెలుగొచ్చు? దాహం అంటే నీళ్ళిచ్చేవాడుంటాడా?"

అనూహ్య కనకలత దగ్గరికెళ్ళి, "అమ్మమ్మా, తలంటుకుందాం పా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

నీనాని మాయ చేయడం అంత తేలిక కాలేదు. పుట్టి పెరిగింది బ్రెమెన్‌లోనే. తెలుగు వస్తుంది గాని కోపమొస్తే సగంలోనే జర్మన్‌లోకి దూకేస్తుంది. తల్లి ఒక శీతాకాలపు పొద్దున నైటీతో బస్‌స్టాపులో కూర్చుని దొరికాక, ఆ ఆదివారమే వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"పాపా, దస్ గేట్ నిష్ట్. ఇంక కుదరదు. ఒక మంచి హైమ్ ఉంది, మా ఇంటికి దగ్గర. వాళ్ళని కలవడానికి టెర్మిన్ తీసుకున్నా. చూడ్డానికే, ఊరికే చూడ్డానికి."

"అక్కడ మీ అమ్మతో ఎవరు మాట్లాడతారు?"

"వాళ్ళు నేర్చుకుంటారు. నీళ్ళు, అన్నం, నొప్పి. నేను రాసిస్తా."

"మీ అమ్మ మూడు మాటల మనిషా?"

"మరి నువ్వు పడిపోతే? ఎవరున్నారు?" అంది నీనా.

అప్పుడు భాస్కరమూర్తి ఎప్పుడూ చేయని పని చేశాడు. కూతురితో పందెం వేశాడు. బ్రెమర్‌హాఫెన్‌లో బయల్దేరి దక్షిణ అమెరికా చుట్టూ తిరిగే విహార నౌకలో రెండు టిక్కెట్లు కొన్నానని చెప్పాడు. మీ అమ్మని మాంటెవీడియో తీసుకెళ్ళి, క్షేమంగా ఇంటికి తెస్తాను, తెస్తే ఇంక బతికున్నన్నాళ్ళు హైమ్ మాట ఎత్తకు, తేలేకపోతే నువ్వు చెప్పినచోటే పెడదాం అన్నాడు.

నీనా తండ్రి ముఖంలోకి చాలాసేపు చూసింది. "అమ్మ పార్శిలా? తేవడానికి, తేలేకపోవడానికి?"

"నాలుగువైపులా నీళ్ళు. తలుపు తీసుకుని వెళ్ళినా ఎక్కడికి వెళ్తుంది? ఇంటికన్నా ఓడే నయం."

వెళ్ళేముందు నీనా ఒక బ్రేస్‌లెట్ తెచ్చి తల్లి చేతికి తొడిగింది. ఎక్కడున్నదీ ఫోనులో చూపిస్తుందట. కనకలత దాన్ని పళ్ళతో కొరికి తీసేయబోయింది. ఆవు మెడలో గంట కట్టినట్టు ఏమిటిదని, కూతురు కారెక్కగానే ఆయన దాన్ని విప్పి సొరుగులో పడేశాడు.

ఓడ మీద మొదటి వారం బాగానే గడిచింది. సముద్రం చూస్తూ కూర్చునేది, పెట్టింది తినేది. రెండో వారంలో తన గది ఏదో తెలియక అందరి తలుపులూ కొట్టడం మొదలుపెట్టింది. మూడో వారానికి ఆయన్ని చూసే చూపులో తేడా వచ్చింది. "ఏమండీ" అనడం మానేసింది. ఏ పేరూ పెట్టి పిలవడం లేదు. అన్నం పెడితే తింటుంది, పడుకోమంటే గోడవైపు తిరుగుతుంది. రాత్రిళ్ళు ఆయన తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని అందులోనే కునుకు తీసేవాడు. తిరిగి చూసుకుంటే వెనక్కి పోవడానికి దారి లేదు. సముద్రం నడిమధ్య పందెం వదులుకోవడం ఎలాగో కూడా తెలియదు. మాంటెవీడియో వస్తే చాలు, ఆ పేరు వింటే ఏదో ఒకటి కదులుతుంది, అని మనసులో జపంలా అనుకునేవాడు.

ఆ పొద్దున ఓడ రేవులో ఆగింది. నీళ్ళు నీలంగా లేవు, గోదావరికి కొత్తనీరు వచ్చినప్పటి రంగులో ఉన్నాయి. అది సముద్రం కాదు, అవతలి ఒడ్డు కనపడనంత వెడల్పైన నది. భాస్కరమూర్తి భార్యని రెయిలింగు దగ్గరికి నడిపించుకొచ్చాడు.

"మాంటెవీడియో వచ్చింది కనకం."

"ఏమిటది?" అంది కనకలత.

"మాంటెవీడియో. నీ మూటల మీద ఉండేది కాదూ? ఉన్ని మూటలు?"

"నాకు తెలీదు బాబూ. నన్ను విసిగించకు."

అయినా వచ్చినవాళ్ళం దిగకుండా ఎలా ఉంటాం అనుకున్నాడు. నిచ్చెన దగ్గర ఆవిడ మొండికేసింది. రాను, అమ్మ కోప్పడుతుంది అంది. వెనక జనం ఆగిపోయారు. జర్మన్ ముసలమ్మ ఒకావిడ, ఓడలోనే ఉండనివ్వకూడదా పాపం అంది. ఆ మాటకి రోషం వచ్చింది ఆయనకి. భార్య మణికట్టు గట్టిగా పట్టుకుని, దాదాపు ఈడ్చుకుంటూ కిందికి దించాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఆయనకే తెలియలేదు.

రేవు గేటు దాటితే పాత బజారు. లోపల పెద్ద పెద్ద ఇనప జల్లెళ్ళ మీద కట్టెల మంట పెట్టి మాంసం కాలుస్తున్నారు. ఆ పొగకి కనకలత చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వీధిలో ప్రతివాడి చంకలోనూ ఒక ఫ్లాస్కు, చేతిలో చిన్న సొరబుర్ర, దాంట్లోంచి గొట్టంతో ఏదో ఆకు కషాయం పీలుస్తూ నడుస్తున్నారు. ఫిబ్రవరి నెల, అక్కడ మండువేసవి. నీడలు చూసుకుంటూ మెల్లిగా నడిచి ఒక చౌరస్తా చేరారు. చెట్లు, ఫౌంటెను, చుట్టూ పాత సామాన్లు అమ్ముకునే బల్లలు. ఒక పక్కన పాత చర్చి. వాళ్ళు దగ్గరకి రాగానే గంట మోగింది.

కనకలత ఆగింది. చెంగు సవరించుకుంది. చర్చి మెట్ల దగ్గరికెళ్ళి చేతులు జోడించి, వంగి, చెప్పుల పట్టీలు విప్పుకుంది. నెలల తరబడి బొత్తామైనా విప్పుకోలేని మనిషి. రెండు చెప్పులూ పక్కపక్కన సర్ది పెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"ఏమండీ, మీరు చెప్పుల దగ్గరుండండి. నేను దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాను."

ఏమండీ అంది. ఇన్ని రోజుల తరవాత.

కొత్తగా పెళ్ళైన రోజుల్లో అన్నవరం కొండ మీద కనకలత కొత్త చెప్పులు ఎవరో ఎత్తుకుపోయారు. ఎర్రటెండలో కొండ దిగుతూ ఆవిడ పడ్డ బాధ చూశాక, ఏ గుడికెళ్ళినా ఒకరు దర్శనానికి, ఒకరు చెప్పులకి అని కట్టడి చేసుకున్నారు. జర్మనీలో హామ్ ఊళ్ళోని అమ్మవారి గుడికి వెళ్ళినా అంతే. అక్కడ చెప్పులకి ముచ్చటైన అరలున్నా సరే, ముందు ఆవిడ, తరవాత ఆయన. ఇప్పుడు ఆ ఏమండీ అన్న పిలుపు చెవిన పడేసరికి, చర్చికి చెప్పులు విప్పక్కర్లేదని గాని, ఈ మనిషిని ఒంటరిగా వదలకూడదని గాని ఆయనకి తోచలేదు. యాభై ఏళ్ళుగా ఆ మాటకి ఏం చేస్తున్నాడో అదే చేశాడు. "వెళ్ళిరా, నేనున్నా" అని మెట్టు మీద చెప్పుల పక్కన కూర్చున్నాడు.

ఆ కూర్చున్న కాసేపూ ఆయన సుఖంగా ఉన్నాడు. పాత సామాన్లవాళ్ళు ఎక్కడ చెప్పులు లాగేస్తారోనని ఒక చెయ్యి వాటి మీద వేసుకుని, మరో చేత్తో చెమట తుడుచుకుంటూ, నీనాకి ఫోన్ చేసి ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాడు. మీ అమ్మ నన్ను పిలిచిందే, స్పష్టంగా పిలిచింది.

నీడ ఒక మెట్టు కిందికి జరిగింది. ఎంత దణ్ణమైనా ఇంతసేపా అనిపించి లోపలికెళ్ళాడు. చల్లగా, చీకటిగా ఉంది. ముందు వరసలో ఇద్దరు ముసలివాళ్ళు మోకరిల్లి ఉన్నారు. పక్క గోడకి ఒక తలుపు బార్లా తెరిచి ఉంది. దాని అవతల ఎండ, వీధి, పోతున్న మనుషులు.

గుళ్ళోకి వెళ్ళినవాళ్ళు చెప్పులున్న చోటికే బయటికొస్తారు. అది ఆయన లెక్క. చెప్పులు విప్పిన సంగతి గుర్తుంటే కదా.

"కనకం" అని పిలిచాడు. ముందు మామూలుగా. తరవాత గట్టిగా. జర్మనీలో అన్నేళ్ళున్నా ఒక్కసారీ వీధిలో గొంతెత్తి ఎరగడు. ఆ గొంతు తనదేనని తనకే అనిపించలేదు. చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని సందు సందూ తిరిగాడు. కనపడ్డవాళ్ళందరికీ వాటిని చూపించి, తన కాళ్ళు చూపించి, ఎత్తు చూపించి, చెంగు వేసుకున్నట్టు అభినయం చేశాడు. పాత సామాన్ల బల్ల దగ్గరి మనిషి ఆ చెప్పులు అందుకుని, అటూ ఇటూ తిప్పి, అడుగు ఎంత అరిగిందో చూసి, అక్కర్లేదని తలూపి తిరిగిచ్చేశాడు.

వెతకడానికి పోతే, ఈలోగా ఆవిడ చెప్పుల కోసం చర్చికే తిరిగొస్తుందేమో. చర్చి దగ్గరే ఉంటే, ఆవిడ ఇంకా దూరం పోతుందేమో. కాలు గాలిన పిల్లిలా అటు నాలుగు సందులు పోవడం, మళ్ళీ మెట్ల దగ్గరికి పరుగెత్తుకు రావడం. చివరికి ఒక చెప్పు మెట్టు మీద గుర్తుగా వదిలి, రెండోది పట్టుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మెట్టు ఖాళీగా ఉంది. ఆవిడే వేసుకుందేమోనని ఒక్క క్షణం వెర్రి ఆశ పుట్టింది. అంతలోనే ఒంటి చెప్పు ఎవరు వేసుకుంటారని చెమటలు పట్టాయి. అప్పుడు కూర్చుండిపోయాడు, ఆ మెట్టు మీదే. ఓడవాళ్ళిచ్చిన గుర్తింపు కార్డులు, ఆవిడదీ తనదీ, రెండూ తన జేబులోనే ఉన్నాయి, పోగొట్టుకుంటుందని. ఆవిడ ఒంటి మీద పేరు చెప్పేది ఏదీ లేదు. ఆవిడ మాట్లాడే భాష ఆ ఊళ్ళో తెలిసినవాడు తనొక్కడు.

గస్తీ తిరిగే పోలీసులే ఆయన్ని చూశారు. ఇంగ్లీషులో ఎలాగో చెప్పుకున్నాడు. వాళ్ళు రేడియోలో అడుగుతుండగా ఓడకి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఓడ ఆగదని, మీ గదిలోని పాస్‌పోర్టులు తీయించి రేవులోని ఏజెంటుకి ఇప్పిస్తామని చెప్పింది. ఏజెంటు నంబరు రెండుసార్లు చదివింది. ఆయన ఒక్క అంకె కూడా వినలేదు.

నది ఒడ్డున గాలాలు వేసుకునేవాళ్ళు ఆవిడని పట్టుకున్నారని రేడియోలో కబురొచ్చింది. నడుం లోతు నీళ్ళలో ఉందట. పక్కనే ఉన్న చిన్న ఆస్పత్రికి తీసుకెళ్ళారట. పోలీసు కారులో కూర్చున్నాక ఎక్కడో రేవు వైపు ఓడ కూత వినిపించింది. ఆయన తల తిప్పలేదు.

ఆస్పత్రి గదిలో కనకలత మంచం అంచున కూర్చుని ఉంది. తడి చీర తీసేసి ఆస్పత్రి గౌను వేశారు. కాలిన తారు మీద నడిచిన పాదాలు బొబ్బలెక్కి, ఒక బొబ్బ చిట్లి నెత్తురు కారుతోంది. నర్సు గుడ్డ కడుతోంది. పక్కన నడివయసు పోలీసావిడ నిలబడి ఉంది. భాస్కరమూర్తి వెళ్ళి ఆ ఒంటి చెప్పు మంచం పక్కన పెట్టాడు.

కనకలత చెప్పు వైపు చూసింది. ముఖం వెలిగింది.

"తెచ్చావా నాయనా. ఒకటే తెచ్చావేం? రెండోదేదీ?"

"పోయింది కనకం."

"పోనీలే. ఉండు, చిల్లర ఇస్తాను" అని నడుం దగ్గర కొంగు ముడి కోసం తడుముకుంది. గౌనుకి కొంగు లేదు. ఖాళీ చెయ్యి అలాగే ఒళ్ళో పెట్టుకుంది.

పోలీసావిడ ఇంగ్లీషు తడబడుతూ మాట్లాడినా స్పష్టంగా ఉంది. ఈవిడ మీకేమవుతుందంది. భార్య అన్నాడు. కాగితాలేవన్నది. పాస్‌పోర్టులు రేవులో ఏజెంటు దగ్గర ఉంటాయన్నాడు. ఆవిడ కనకలత కుడిచెయ్యి నెమ్మదిగా ఎత్తి చూపించింది. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళూ, బొటనవేలూ నల్లగా కమిలి ఉన్నాయి. ఇదేమిటంది. ఆయన ఆ చెయ్యి చూసి, తన చెయ్యి చూసుకున్నాడు.

పోలీసావిడ తన ఫోను తీసి దాంట్లోకి ఏదో మాట్లాడింది. ఫోను తెలుగులో పలికింది. "ఈ పురుషుడు మీకు తెలుసా?" కనకలత ఫోను వైపు వంగి, "ఇందులోంచి ఎవరో మాట్లాడుతున్నారే" అని నర్సుకి చూపించి నవ్వింది. ఆ గొణుగుడు ఫోనుకి అంతుపట్టలేదు. రెండుమూడుసార్లు ప్రయత్నించి పోలీసావిడ ఫోను లోపల పెట్టేసి, భాస్కరమూర్తితో అంది.

"మీరే అడగండి. మీరెవరో ఆవిడని చెప్పమనండి. ఆవిడన్నది అన్నట్టు నాకు చెప్పండి."

ఆయన మంచం ముందు స్టూలు మీద కూర్చున్నాడు. "కనకం, నేనెవర్ని?"

"నువ్వా? ఎవరో మరి. మంచివాడివే. చెప్పు తెచ్చిచ్చావు."

"ఈ చెయ్యి ఇలా ఎవరు చేశారు?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇంట్లో ఒకాయన ఉంటాడు. కోపిష్టి. ఎక్కడికీ పోనివ్వడు. లాక్కెళతాడు. రాత్రి తలుపుకి అడ్డంగా కూర్చుంటాడు." కాసేపాగి, "అన్నం మాత్రం వండి పెడతాడు, పాపం, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఉప్పు ఎక్కువేస్తాడు" అంది.

పోలీసావిడ ఎదురుచూస్తోంది. ఈ భూమి మీద ఆ సగం వైపు ఆ మాటలు అర్థమైనవాడు ఆయనొక్కడే. నేను భర్తనని చెబుతోంది, చెయ్యి మెట్ల మీద పడబోతే పట్టుకున్నానని చెబుతోంది. ఇలా రెండు ముక్కలు తిప్పి చెబితే చాలు. ఇద్దరినీ కారెక్కించి పంపేస్తారు. అలాంటి ముక్కలు ఆయనకి కొత్త కాదు, నాలుక చివరే ఉన్నాయి.

భాస్కరమూర్తి నోరు తెరిచాడు. భార్య కాళ్ళ కట్టు మీదికి ఉబికిన ఎర్రటి మరక కనపడింది. నడుం లోతు అన్నారు. గాలాలవాళ్ళు ఇవాళ రాకపోయి ఉంటే.

"నేనెవరో తెలీదంటోంది" అన్నాడు ఇంగ్లీషులో. "చెప్పు తెచ్చిచ్చిన మనిషినట. ఇంట్లో ఒకడున్నాడట, కోపిష్టి, ఎక్కడికీ పోనివ్వడు, చెయ్యి పట్టి లాక్కెళతాడు, రాత్రిళ్ళు తలుపుకి అడ్డంగా కూర్చుంటాడు. ఆ ఒకణ్ణి నేనే. చెయ్యి నేనే అలా చేశాను. అన్నం వండి పెడతాడని కూడా అంది. అదీ నేనే." ఉప్పు సంగతి చెప్పబోయాడు. ఇంగ్లీషులో ఆ చిన్న మాట కోసం ఎంత వెతికినా దొరకలేదు.

పోలీసావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. తరవాత, మీ ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా, వాళ్ళతో మాట్లాడాలి, అప్పటిదాకా మీరు వసారాలో ఉండాలి అని మెల్లిగా చెప్పింది.

ఆయన వసారాలోంచే నీనాకి ఫోన్ చేశాడు. బ్రెమెన్‌లో చీకటి పడి ఉంటుంది. రెండో మోతకే తీసింది.

"పాపా? అమ్మ ఎలా ఉంది?"

"నీళ్ళలోకి వెళ్ళింది నీనా. బతికే ఉంది. ఓడ వెళ్ళిపోయింది."

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు. తిడుతుందనుకున్నాడు. నీనా తిట్టలేదు, జర్మన్‌లోకి దూకలేదు. "నువ్వెలా ఉన్నావు?" అని తెలుగులోనే అడిగింది. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి చాలా కాలమైంది. గోడకి ఆనుకున్నాడు.

"నా వల్ల కాదమ్మా. నేను తేలేను మీ అమ్మని. నువ్వు రా. వచ్చి తీసుకెళ్ళు. ఆ హైమ్ వాళ్ళకి చెప్పు. అంచనాలావిడకి నేను చెప్పినవేవీ నిజం కాదు. అది కూడా చెప్పు, ఎవరికి చెప్పాలో వాళ్ళకి."

"పాపా, అవన్నీ తరవాత."

"తరవాత అంటే మళ్ళీ మనసు మార్చుకుంటాను. ఇప్పుడే రాసుకో."

నీనా పోలీసావిడతో మాట్లాడింది. అమ్మానాన్నలిద్దరూ కలిసి ఉన్న ఫొటోలు పంపింది, రేపటి విమానం చూసుకుంటానంది. ఏజెంటు పాస్‌పోర్టులు తెచ్చేదాకా ఆగాలన్నారు. భాస్కరమూర్తి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద రెండు చేతులూ వెల్లకిలా పెట్టుకుని వాటివైపే చూస్తున్నాడు. చేయడానికి ఆ చేతులకి పనేమీ లేదు.

లోపలి నుంచి పిలుపు వినిపించింది.

"ఏమండీ. ఏమండీ, ఎక్కడున్నారు?"

ఆయన చప్పున లేచి నిలబడ్డాడు. తలుపు దగ్గర పోలీసావిడ చెయ్యెత్తి ఆపింది. ఏమంటోందని అడిగింది.

"భర్తని పిలుస్తోంది."

పోలీసావిడ ఆయన ముఖం చూసి, పక్కకి తప్పుకుని తలుపు తెరిచింది.

కనకలత దుప్పటి గుప్పిట్లో పట్టుకుని ద్వారం వైపే చూస్తోంది. ఆయన లోపలికి అడుగు పెట్టాడు. ఆవిడ కళ్ళు ఒక్క క్షణం ఆయన మీద నిలిచి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని ఆయన భుజం మీదుగా అవతలికి పోయాయి.

"నువ్వు కాదు నాయనా. మా ఆయన్ని. చీకటి పడిపోతోంది, నాకు భయంగా ఉంది. కాస్త మా ఆయన్ని పిలుస్తావా?"

భాస్కరమూర్తి మంచం దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి పట్టుకోబోయి, కమిలిన మణికట్టు చూసి ఆగాడు. జారిపోయిన దుప్పటి తీసి కట్టు కట్టిన పాదాల మీదికి కప్పాడు. యాభై ఏళ్ళలో ఎన్నడూ ఆవిడని అనని మాటతో, పరాయి ఇంటి ఆడమనిషితో మాట్లాడినట్టు, మెల్లిగా అన్నాడు.

"కబురు పెట్టానండీ. వస్తారు. మీరు పడుకోండి."

"వస్తారంటావా?"

"వస్తారండీ."

ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఆయన స్టూలు తలుపుకి అడ్డం కాకుండా గోడవారకి లాక్కుని కూర్చున్నాడు.